అందరికీ కనిపించింది, అంపైర్‌కి తప్ప

పాత దూరదర్శన్‌లో క్రికెట్ చూసినవాళ్ళకి తెర మూలన వెలిగే ఆర్ అక్షరం గుర్తుండే ఉంటుంది. వికెట్ పడగానే అదే బంతి మళ్ళీ నెమ్మదిగా చూపించేవాళ్ళు కదా, ఇది ఇప్పుడు జరుగుతున్నది కాదు, ఇందాకటిదే అని తెలియడానికి ఆ ఆర్ వేసేవాళ్ళు. మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు, మా వీధి మొత్తానికి టీవీ బాబాయ్ గారింట్లోనే, మ్యాచ్ ఉందంటే వరండా, అరుగు, కిటికీ ఊచలు అన్నీ మనుషులే. ఆలస్యంగా వచ్చినవాడు ఫోర్ చూసి "మళ్ళీ కొట్టాడ్రా" అని కేక పెట్టేవాడు, బాబాయ్ వెనక్కి కూడా తిరక్కుండా "ఆర్ చూడండ్రా, ముందు ఆర్ ఉందో లేదో చూసి అరవండి" అనేవాడు.

నాకు ఆ ఆర్ అంటే పిచ్చి ఇష్టం. బంతి స్వింగ్ అవ్వడం అంటే ఏంటో, కీపర్ చేతులు ఎలా వెనక్కి లాక్కుంటాడో నేను నేర్చుకున్నదంతా ఆ నెమ్మది బొమ్మల్లోనే. కానీ అంపైర్ల మీద కోపం కూడా అక్కడే మొదలైంది. ఎల్బీ, అంటే వికెట్లకి పోయే బంతి కాలికి అడ్డుపడిందని ఔట్, ఇచ్చాక రీప్లేలో బ్యాట్ అంచు తగిలినట్టు కనిపించేది, వరండా అంతా ఒకటే తిట్లు. ఆ తిట్లు తింటున్న మనిషికి ఆ బొమ్మ ఎవరూ చూపించలేదు కదా అని అప్పట్లో ఎవరికీ తట్టేది కాదు. చాప మీద కూర్చున్న మాకు రెండోసారి చూసే భాగ్యం ఉంది, ఎండలో తెల్ల కోటు వేసుకుని నిలబడ్డ ఆయనకి లేదు. అన్యాయం అంటే ఇదీ అని ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఈ సంగతి నాకు మొదట అర్థమయ్యేలా చేసింది మా హైస్కూల్ డ్రిల్ మాష్టారు. మా ఊళ్ళలో రూలు ఏంటంటే బ్యాటింగ్ టీమ్ వాడే అంపైరు, అంటే ఔటైపోయిన వాడో, ఇంకా బ్యాటింగ్ రాని వాడో. వాడు సొంత టీమ్ వాడిని రనౌట్ ఇస్తాడా, ఇస్తే సాయంత్రం వాడిని ఇంటికి వెళ్ళనిస్తారా! అందుకని క్లీన్ బౌల్డ్ అయితే ఔటు, గాల్లో లేచిన క్యాచ్ పడితే ఔటు, మిగతావన్నీ గొడవే. సంక్రాంతికి చుట్టుపక్కల ఊళ్ళ టీములు పెట్టి టోర్నమెంట్ ఆడేవాళ్ళు, సెమీస్ వచ్చేసరికి స్టంపులు పీక్కుని కొట్టుకునే దాకా వెళ్ళేది, చివరికి పెద్దలు కూర్చుని సెమీస్ నుంచి డ్రిల్ మాష్టారే నిలబడాలి అని తేల్చారు.

ఆయన అంపైరింగ్ నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది. చొక్కా ఎడమ జేబులో ఆరు చింతపిక్కలు, బంతి పడ్డప్పుడల్లా ఒకటి తీసి కుడి చేతి గుప్పిట్లోకి. వైడ్ అయితే పిక్క కదలదు. ఓవర్ అయ్యాక ఆరూ మళ్ళీ జేబులోకి, ఒక్కోటీ లెక్కపెట్టి మరీ. అసలు చూడాల్సింది రనౌట్ అప్పుడు. బ్యాట్స్‌మన్ పరుగుకి కదిలాడంటే ఆయన కూడా కదిలేవాడు, వికెట్ల వెనక నుంచి పక్కకి పరిగెత్తి, సరిగ్గా సున్నం గీతకి సూటిగా వచ్చి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడేవాడు. బంతి ఎటు నుంచి వస్తోందో ఒక చూపు, అంతే, తర్వాత కళ్ళు గీత మీద, చెవులు స్టంపుల మీద. స్టంప్ తగిలిన చప్పుడు వినపడినప్పుడు బ్యాట్ ఎక్కడుందో అదే లెక్క అనేవాడు. ఏభై దాటిన మనిషి, కాన్వాస్ బూట్లతో ఆ ఎండలో ప్రతి పరుగుకీ అలా పరిగెత్తడం చూస్తే ఓడిపోయిన ఊరివాళ్ళు కూడా నోరెత్తేవాళ్ళు కాదు. ఆయనా కొన్ని తప్పులు ఇచ్చే ఉంటాడు. కానీ ఆయన కష్టం గ్రౌండ్ చుట్టూ ఉన్న అందరికీ కనపడేది.

1992 నవంబర్లో మన టీమ్ సౌతాఫ్రికా వెళ్ళింది. డర్బన్ టెస్టులో సచిన్ రనౌట్, గ్రౌండ్‌లో అంపైర్ నిర్ణయం ఇవ్వకుండా లోపల టీవీ ముందు కూర్చున్న ఇంకో అంపైర్‌ని అడిగాడు, ఆ లోపలి అంపైర్ కార్ల్ లీబెన్‌బర్గ్ రీప్లే చూసి ఔట్ అన్నాడు. ప్రపంచంలో థర్డ్ అంపైర్ చేతిలో ఔటైన మొదటి బ్యాట్స్‌మన్ మన సచిన్ అనమాట. బాబాయ్ పేపర్ పట్టుకుని గట్టిగా చదువుతుంటే మాకు బాధ కంటే ఆశ్చర్యం ఎక్కువ, టీవీని సాక్ష్యానికి పిలవచ్చా అని. తర్వాత జొహానెస్‌బర్గ్ టెస్టులో ఇంకోటి జరిగింది. జాంటీ రోడ్స్ రనౌట్, అంపైర్ స్టీవ్ బక్నర్ అసలు థర్డ్ అంపైర్‌ని అడగనే లేదు, నాటౌట్ అనేశాడు, రీప్లేలో చూస్తే ఔటు. అప్పుడు ఇరవై ఎనిమిది మీద ఉన్న రోడ్స్ 91 కొట్టాడు.

మర్నాడు స్కూల్లో అదే చర్చ. డ్రిల్ మాష్టారు రీప్లేలకి వ్యతిరేకంగా ఉంటాడనే అనుకున్నాం, అంపైర్ కదా, తన మాటకి విలువ తగ్గుతుంది కదా అని. మావాడొకడు "అడిగితే ఆయనకి పరువు తక్కువేమో సార్" అన్నాడు. మాష్టారికి కోపం వచ్చేసింది. "అడగడానికి నామోషీ ఏంట్రా! నాకు చూపిస్తానంటే ప్రతి దానికీ అడుగుతా. పిల్లాడు పొద్దున్నుంచీ కష్టపడి ఆడితే, వాడి ఆట నా కంటి రెప్పపాటు మీద ఆధారపడాలా?" అన్నాడు. అదే నోటితో మన హైదరాబాద్ అంపైర్ వి.కె. రామస్వామి గారి గురించి కూడా చెప్పాడు, 1986లో పాకిస్తాన్, వెస్టిండీస్ లాహోర్‌లో ఆడుతుంటే ఇమ్రాన్ ఖాన్ పట్టుబట్టి ఇండియా నుంచి రామస్వామి గారినీ పీలూ రిపోర్టర్‌నీ పిలిపించారట, సొంత దేశం అంపైర్లు ఉంటే గెలిచినా దొంగ గెలుపు అంటున్నారని. బ్యాటింగ్ టీమ్ వాడే అంపైరు అనే మా ఊరి గొడవే దేశాల మధ్య కూడా ఉందని నాకు తెలిసింది ఆ రోజే.

తర్వాత కేబుల్ వచ్చింది, కెమెరాలు పెరిగాయి, ఒక్కో బంతికి మూడు నాలుగు వైపుల నుంచి రీప్లే, స్టంప్‌లో మైకు, బంతి ఎటు పోయేదో గీత గీసి చూపించడం. 1999 డిసెంబర్ అడిలైడ్ టెస్టు గుర్తుందా, మెక్‌గ్రాత్ షార్ట్ బాల్ లేవలేదు, సచిన్ కిందకి వంగితే భుజానికి తగిలింది, డారిల్ హార్పర్ ఎల్బీ ఇచ్చేశాడు, సున్నాకి ఔట్. 2003లో బ్రిస్బేన్‌లో గిలెస్పీ బంతికి బక్నర్ ఇచ్చిన ఎల్బీ అయితే వికెట్ల పైనుంచి పోయే బంతి. 2005లో కలకత్తా ఈడెన్‌లో పాకిస్తాన్ రజాక్ బౌలింగ్‌లో బ్యాట్‌కీ బంతికీ మధ్య ఖాళీ కనపడుతుంటే క్యాచ్ ఔట్, మళ్ళీ బక్నరే. ఇవన్నీ మనకి కంఠతా వచ్చు. కానీ 2001 ఈడెన్ టెస్టు హర్భజన్ హ్యాట్రిక్‌లో గిల్‌క్రిస్ట్ ఎల్బీ సంగతి ఎంతమందికి గుర్తు? బంతి లెగ్ స్టంప్ బయట పడింది, పైగా బ్యాట్ అంచు కూడా తగిలింది, రీప్లేలో స్పష్టంగా ఉంది. లక్ష్మణ్ 281 కొట్టిన మ్యాచ్ అది, నా జీవితంలో అంతకంటే ఇష్టమైన మ్యాచ్ లేదు, అయినా ఆ ఎల్బీ తప్పే. ఆస్ట్రేలియాలో ఎవరో ఒక కుర్రాడు దాన్ని మనం అడిలైడ్‌ని గుర్తుపెట్టుకున్నట్టే గుర్తుపెట్టుకుని ఉంటాడు.

ఇక సిడ్నీ. 2008 జనవరి. అప్పటికి నేను హైదరాబాద్‌లో ఉద్యోగం, అమీర్‌పేటలో నలుగురం ఒక రూమ్. తెల్లవారుజామునే మ్యాచ్, దుప్పట్లు కప్పుకునే చూసేవాళ్ళం, కింద టీ బండి తెరిచేసరికి మొదటి సెషన్ సగం అయిపోయేది. ఆస్ట్రేలియా 134కి ఆరు. సైమండ్స్ ముప్ఫై మీద ఉన్నాడు, ఇషాంత్ బంతికి అంచు తగిలి ధోనీ చేతిలో పడింది, ఆ చప్పుడు మా పాత టీవీలో కూడా వినపడింది. బక్నర్ తల అడ్డంగా ఊపాడు. రూమ్‌లో ఎవరం మాట్లాడలేదు కాసేపు. సైమండ్స్ 162 నాటౌట్, ఆస్ట్రేలియా 463. అంచు తగిలిందని ఆ సాయంత్రం సైమండ్సే ఒప్పుకున్నాడు.

మనవాళ్ళు మాత్రం తగ్గలేదు, లక్ష్మణ్ 109, సచిన్ 154 నాటౌట్, మనకే ఆధిక్యం వచ్చింది. ఆఖరి రోజు ద్రవిడ్ ప్యాడ్‌కి తగిలిన బంతికి క్యాచ్ ఔట్ ఇచ్చారు, బ్యాట్ ప్యాడ్ వెనకాల ఎక్కడో ఉంది. గంగూలీ క్యాచ్ స్లిప్‌లో క్లార్క్ పట్టాడు, నేలకి తగిలిందా లేదా అని సందేహం, అంపైర్ బెన్సన్ పాంటింగ్‌ని అడిగాడు, పాంటింగ్ వేలెత్తాడు. సిరీస్ మొదట్లో ఫీల్డర్ మాట నమ్ముదామని ఇద్దరు కెప్టెన్లూ ఒప్పందం చేసుకున్న మాట నిజమే, అయినా లోపల థర్డ్ అంపైర్ ఖాళీగా కూర్చుని ఉండగా అవతలి కెప్టెన్‌ని అడగడం ఏంటని నా గుండె మండిపోయింది. చివర్లో క్లార్క్ ఒకే ఓవర్లో మూడు వికెట్లు తీశాడు, ఇంకొన్ని బంతులు ఆగితే డ్రా. ఒక్క టీమే ఆట స్ఫూర్తితో ఆడిందని మన కెప్టెన్ కుంబ్లే అన్నప్పుడు మా రూమ్‌లో ఒకడికి కన్నీళ్ళు ఆగలేదు, ఎవరం వాడిని ఏమీ అనలేదు. తర్వాతి పెర్త్ టెస్టుకి బక్నర్‌ని తప్పించారు, దేశంలో ఎక్కడెక్కడో ఆయన దిష్టిబొమ్మలు తగలబెట్టారు. ఆ మంటలు టీవీలో చూసినప్పుడు మాత్రం నాకు నచ్చలేదు. బంతి వచ్చిన ఆ ఒక్క క్షణమే ఆయనకి దక్కింది, మేం అదే బంతిని నాలుగు వైపుల నుంచి, పొద్దున్నుంచి రాత్రి దాకా న్యూస్ చానళ్ళలో తిప్పి తిప్పి చూశాం.

ఆ జులైలోనే శ్రీలంకలో రివ్యూ పద్ధతి, అంటే అంపైర్ నిర్ణయం నచ్చకపోతే టీమే రీప్లే చూడమని అడగడం, మొదటిసారి ట్రై చేశారు, ఆడింది మనమే. ఆ సిరీస్‌లో శ్రీలంకకి పదకొండు రివ్యూలు కలిసొస్తే మనకి కలిసొచ్చింది ఒక్కటే. అంతే, మన బోర్డు ఇది నమ్మదగ్గది కాదని పక్కన పెట్టేసింది, మామూలు సిరీస్‌ల్లో వద్దంటే వద్దని దాదాపు 2016 దాకా కూర్చుంది. సిడ్నీలో అంత దెబ్బ తిన్న దేశం, అందరికంటే ముందు కావాలని అడగాల్సిన దేశం, మనమే వద్దనడం నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు. బంతి గీతలో లోపాలున్నాయి నిజమే, లోపాలున్నాయని కళ్ళు మూసుకుంటామా! 2011 వరల్డ్ కప్‌లో మాత్రం రివ్యూ ఉంది, పాకిస్తాన్‌తో మొహాలీ సెమీస్‌లో సయీద్ అజ్మల్ బంతికి సచిన్‌ని ఎల్బీ ఇచ్చారు, రివ్యూలో బంతి లెగ్ స్టంప్ పక్కనుంచి పోతోందని తేలింది, ఇరవై మూడు మీద బతికిన సచిన్ 85 కొట్టాడు, మనం గెలిచాం. అడిలైడ్‌లో దొరకనిది అక్కడ దొరికింది. అవతల అజ్మల్‌కి అది ఇప్పటికీ మింగుడు పడలేదు, అదీ సహజమే.

రీప్లే అంటే దేవుడి కన్ను అని మాత్రం నేను అనను. ఒక చిన్న లెక్క చెప్తా. పాత టీవీ కెమెరా సెకనుకి 25 బొమ్మలు తీసేది. ప్రాణం పెట్టి పరిగెత్తే బ్యాట్స్‌మన్ సెకనుకి ఏడు మీటర్లు కదులుతాడనుకుంటే, ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య దాదాపు ఒక అడుగు దూరం వచ్చేస్తాడు. ఒక బొమ్మలో స్టంపుల మీది బెయిల్స్ లేవలేదు, తర్వాతి బొమ్మలో లేచాయి, ఈలోపు బ్యాట్ అడుగు ముందుకొచ్చింది, మరి లేచిన క్షణంలో బ్యాట్ ఎక్కడ? ఆ రోజుల్లో థర్డ్ అంపైర్ అంతంతసేపు తీసుకున్నది ఇందుకే. కింద పట్టిన క్యాచ్‌లదీ ఇదే కథ, దూరం నుంచి జూమ్ చేసి తీసిన బొమ్మలో లోతు పోతుంది, వేళ్ళు బంతి కింద ఉన్నా గడ్డి తగిలినట్టే కనిపిస్తుంది. 2023 జూన్‌లో ఓవల్‌లో వరల్డ్ టెస్ట్ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో ఆస్ట్రేలియా గ్రీన్ పట్టిన శుభ్‌మన్ గిల్ క్యాచ్ మీద ఎంత గొడవ, ఆగి ఉన్న బొమ్మ చూసి నాటౌట్ అన్నవాళ్ళున్నారు, కదిలే బొమ్మ చూసి ఔట్ అన్నవాళ్ళున్నారు. నేనే రెండుసార్లు మనసు మార్చుకున్నా.

అందుకే అంపైర్స్ కాల్ అనేదాన్ని అందరూ తిడుతున్నా నేను సమర్థిస్తా. కనీసం సగం బంతి వికెట్‌కి తగులుతుందని మెషిన్ చూపిస్తేనే అంపైర్ ఇచ్చిన నాటౌట్‌ని మారుస్తారు, అంచు మాత్రమే తగిలేట్టుంటే ఆయన ఏమన్నాడో అదే ఉంచుతారు. ప్యాడ్ దగ్గర ఆగిపోయిన బంతి ఆపైన ఎటు పోయేదన్నది అంచనానే కదా, ఆ అంచనా సందేహంలో ఉన్నప్పుడు అక్కడ నిలబడి చూసిన మనిషి మాటకి విలువ ఇవ్వడంలో తప్పేముంది. ఒకే బంతి ఒకడికి ఔట్, ఇంకొకడికి నాటౌట్ అవుతోందని మా తమ్ముడు వాదిస్తాడు, వాడి వాదనా బలమైనదే, మేమిద్దరం దీని మీద ఫోన్లో గంటలు గంటలు కొట్టుకుంటాం.

2020లో ఒక ఇంటర్వ్యూలో బక్నర్ సచిన్‌కి ఇచ్చిన ఆ రెండు ఔట్లూ, అదే బ్రిస్బేన్‌దీ ఈడెన్‌దీ, తప్పులేనని ఒప్పుకున్నాడు. 128 టెస్టులు, ఐదు వరల్డ్ కప్ ఫైనల్స్ నిలబడిన మనిషి. చదివి చాలాసేపు అలా ఉండిపోయా. ఇప్పుడైతే ఆ రెండూ నిమిషంలో సరిదిద్దేవాళ్ళు, ఆయన సారీ అన్నట్టు తల ఊపి తర్వాతి బంతికి వెళ్ళిపోయేవాడు, సచిన్ బ్యాటింగ్ చేసుకునేవాడు. బ్యాట్స్‌మన్‌కి ఎంత న్యాయమో అంపైర్‌కీ అంతే న్యాయం. ఆ మధ్య కొత్తగా వచ్చినవాటిలో నాకు బాగా నచ్చింది ఫ్రంట్ ఫుట్ నోబాల్ థర్డ్ అంపైర్ చూడటం. ఆ ట్రయల్ ఒకటి జరిగింది కూడా మన ఉప్పల్ స్టేడియంలోనే, 2019 డిసెంబర్ 6న వెస్టిండీస్‌తో టీ20లో. గీత మీద కాలు చూసి, అదే రెప్పపాటులో తల ఎత్తి అవతల బంతి చూడమనడం ఏ మనిషికైనా కష్టం, ఆ బరువు ఒకటి తగ్గింది.

రీప్లేకి అందని అన్యాయాలు వేరే ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో మనీలాలో ఆసియా బ్యాడ్మింటన్ ఛాంపియన్‌షిప్ సెమీస్, మన సింధు మొదటి గేమ్ 21-13 గెలిచి రెండో గేమ్‌లో 14-11 మీద ఉంది, సర్వీస్ ఆలస్యం చేస్తున్నావని అంపైర్ పాయింట్ తీసి యమగూచికి ఇచ్చేశాడు. అవతలి అమ్మాయి రెడీగా లేదని సింధు ఎంత చెప్పినా వినలేదు, మ్యాచ్ పోయింది, నెలల తర్వాత అది పొరపాటేనని క్షమాపణ లెటర్ వచ్చింది. షటిల్ గీత మీద పడిందా లేదా చూడటానికి మెషిన్ ఉంది, ఈ నిర్ణయం మీద అడగడానికి మాత్రం దారి లేదు. సింధు మొహం చూసినప్పుడు నాకు సిడ్నీ పొద్దులు గుర్తొచ్చాయి.

ఇంకో బాధ, కెమెరాలన్నీ పెద్ద మ్యాచ్‌లకే. 2022 రంజీ ఫైనల్‌లో కూడా డీఆర్ఎస్, అంటే ఆ రివ్యూ పద్ధతి, లేదు. ఇండియా టీమ్‌లో ఉన్నవాడికి ఒక తప్పు నిర్ణయం వస్తే ఇంకో ఇన్నింగ్స్ ఉంటుంది, జిల్లా సెలక్షన్ మ్యాచ్‌లో తప్పు ఎల్బీ ఇస్తే ఆ పిల్లాడి కథ అక్కడే ముగిసిపోవచ్చు, దానికి రీప్లే లేదు, రికార్డు లేదు, రాసేవాడు లేడు. నాతో చదువుకున్న వాడొకడికి సరిగ్గా అలాగే జరిగింది, మా అందరికంటే బాగా ఆడేవాడు. వాడిప్పుడు మ్యాచ్ చూడడు, మేం కలిసినప్పుడు కూడా ఆ మాట ఎత్తడు.

మా ఊరి సంక్రాంతి టోర్నమెంట్ ఇప్పటికీ జరుగుతోంది. మాష్టారు పోయి చాలా ఏళ్ళయింది, ఆయన దగ్గర ఆడినవాళ్ళే ఇప్పుడు కమిటీ. మొన్నటి నుంచి సెమీస్‌కి, ఫైనల్‌కి రెండు వైపులా గీతకి సూటిగా స్టాండ్ల మీద ఫోన్లు పెడుతున్నారు, సెకనుకి 240 బొమ్మలు తీసే స్లోమోషన్‌లో, అంటే ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య బ్యాట్స్‌మన్ కదిలేది ఇప్పుడు మూడు సెంటీమీటర్లు. రనౌట్, స్టంపింగ్ మాత్రమే చూస్తారు, టెన్నిస్ బాల్ మ్యాచ్‌లు కాబట్టి ఎల్బీ ఎలాగూ లేదు. అడిగే హక్కు మొదట అంపైర్‌దే, ఆయన అడక్కపోతే ఒక్కో టీమ్‌కి ఒక ఛాన్స్. ఫోన్ ఎవరిదైనా సరే, వీడియో చూసేటప్పుడు రెండు టీముల కెప్టెన్లూ పక్కనే ఉండాలని రూలు పెట్టారు. ఈసారి ఫోన్ల దగ్గర కూర్చునే పని నాకూ మా తమ్ముడికీ అప్పజెప్పారు, ఒక్కో ఎండ్‌కి ఒకళ్ళం. కిందటేడు ఫైనల్లో పడమటి వైపు ఎండ పడి గీత సరిగ్గా కనపడలేదట, అందుకని ఆ ఎండ్‌లో సున్నం కాస్త మందంగా వేయించమని కమిటీ వాళ్ళకి నిన్ననే ఫోన్ చేసి చెప్పా.